మైలుకు రెండున్నర యూనిట్లు

ఏం పని చేస్తారని ఎవరైనా అడిగితే శేషగిరి "బస్సుల దగ్గర" అంటాడు. అంతకుమించి చెప్పడు. ఓసారి అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో తెలిసినవాళ్ల ఇంట్లో వ్రతానికి వెళ్లినప్పుడు, పేపరు ప్లేటు పట్టుకుని భోజనాల వరసలో నిలబడ్డ కొత్త సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు మర్యాదకు మాట కలిపాడు.

"బస్సులంటే ట్రాన్స్‌పోర్టేషన్ డొమైనా అంకుల్? ఏ టూల్స్ వాడతారు?"

"పానాలు, జాకీలు," అన్నాడు శేషగిరి.

కుర్రాడు జోకనుకుని గట్టిగా నవ్వాడు. శేషగిరి జోకులు వేసే మనిషి కాదు. పులిహోర వడ్డించుకుని పక్కకు జరిగాడు.

అతనికి యాభై ఎనిమిదేళ్లు. పంతొమ్మిదో ఏట నరసరావుపేట ఆర్టీసీ డిపోలో చేరి, ఇరవై ఏడేళ్లు డీజిల్ బస్సుల కింద పడుకున్నాడు. అక్క ఎప్పుడో వేసిన ఫ్యామిలీ పిటిషన్, అందరూ దాని సంగతి మర్చిపోయాక, వేసిన పదమూడేళ్లకు మంజూరైంది. అమెరికా వచ్చి మొదట స్కూలు బస్సులు కడిగాడు. తర్వాత వాటి టైర్లు మార్చాడు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని ఒక్కో మెకానిక్ పరీక్షా రాసుకుంటూ, ప్లెయిన్స్‌బరోకి కాస్త దూరంలో హార్లో మిల్స్ అనే చిన్న నగరం బస్ డిపోలో కుదురుకున్నాడు. ఇంగ్లీషు అవసరానికి సరిపడా వచ్చింది. అంతకంటే ఎక్కువ రాకపోవడం వల్ల ఓ సుఖం ఉంది. అతన్ని మీటింగులకు పిలవరు.

అలా పిలవని మీటింగుల్లోనే ఎలక్ట్రిక్ బస్సుల సంగతి తేలిపోయింది.

పన్నెండు బస్సులు వచ్చాయి. తెల్లటి ఒంటిమీద ఆకుపచ్చ ఆకుల బొమ్మలు. అక్టోబరులో ఎండ కాసే రోజొకటి చూసి రిబ్బను కట్టారు. మేయరు మాట్లాడాడు. డిపో మేనేజర్ మిసెస్ కొవాల్‌స్కీ మాట్లాడింది. ఆ తర్వాత దివాకర్ మాట్లాడాడు.

దివాకర్ది కరీంనగర్. ఏ బస్సు ఏ రూట్లో ఎన్ని మైళ్లు తిరగాలో, ఎప్పుడు చార్జింగుకి రావాలో ప్లాన్ చేసి ఇచ్చే కన్సల్టింగ్ కంపెనీలో మేనేజరు. వ్రతాల దగ్గర కనిపిస్తే శేషగిరిని "అంకుల్" అంటాడు, డిపోలో కనిపిస్తే "శేష్" అంటాడు. మాట చక్కగా వస్తుంది. స్లైడు అంతకంటే చక్కగా వస్తుంది. ఒక్కసారి చార్జ్ చేస్తే నూట డెబ్బై అయిదు మైళ్లని ఆ రోజు తెరమీద చూపించాడు. అన్నిటికంటే కష్టమైన రూట్ 9ని స్వయంగా రోడ్డుమీద పరీక్షించి చూశామని చెప్పాడు.

అది అబద్ధం కాదు. దివాకర్ నాలుగు శనివారాలు తన ఎలక్ట్రిక్ కారులో భార్యనీ కూతురు అవనినీ ఎక్కించుకుని రూట్ 9 మొత్తం తిరిగాడు. సీట్లు వెచ్చగా ఉన్నాయి. డబ్బాలో చపాతీ రోల్స్ ఉన్నాయి. దారిలో ఒక్కచోటే ఆగారు, కాఫీకి. ఇంటికొచ్చాక కారు ఎంత కరెంటు తాగిందో చూసి, కారు బరువుకు బస్సు బరువు ఎన్ని రెట్లో లెక్కగట్టి, అన్ని రెట్లు చేశాడు. పదకొండేళ్లుగా అమెరికాలో ఉన్నా సిటీ బస్సు ఎక్కే అవసరం అతనికి రాలేదు. అతనికి తెలిసినవాళ్లెవరికీ రాలేదు. కారు ఇంటికి ఆనుకున్న గరాజ్‌లో పడుకుంటుంది, పొద్దున లేచేసరికి వందకు వంద చూపిస్తుంది. బస్సులు కూడా అలాగే లేస్తాయనుకున్నాడు. బస్సులు పడుకునేది తారు వేసిన ఖాళీ స్థలంలో, ఆకాశం కింద.

శేషగిరికి తెలిసినవాళ్లలో బస్సు అవసరం ఉన్నది ఒక్కరికే. ఆమె అతని భార్య రేణు.

రేణు డ్రైవింగ్ టెస్టు మూడుసార్లు తప్పింది. నాలుగోసారి వెళ్లనంది. "ఆ కారుకి నేను నచ్చలా, నాకు ఆ కారూ నచ్చలా. ఎవరి దారి వాళ్లది," అని తేల్చేసింది. క్వారీ హిల్ అనే కొండమీద వృద్ధుల ఆశ్రమం ఉంది. అక్కడి వంటగదిలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. అరవై మంది ముసలివాళ్లు ఆమె చేతి టిఫిను కోసం ఎదురుచూస్తారు. గురువారాలు మిరియాలు తగ్గించి పొంగలి చేస్తే దాన్ని వాళ్లు "రేణూస్ రైస్" అంటారు. ఆ ఉద్యోగం ఆమె సొంతంగా వెతుక్కున్నది, సొంతంగా నిలబెట్టుకున్నది. తెల్లవారుజామునే డిపోకి వెళ్లిపోయే శేషగిరి ఆమెను దించలేడు. ఇంటి ముందు రూట్ 9 ఎక్కితే కొండమీద ఆశ్రమం గేటు దగ్గర దిగుతుంది. ఆ కొండ మూడు మైళ్లు. నడవడానికి దారి అంచున జానెడు చోటు కూడా లేదు.

డిసెంబరులో చలి మొదలైంది. బస్సులు ఆగిపోవడం కూడా మొదలైంది. నూట డెబ్బై అయిదు మైళ్లు తిరగాల్సిన బండి నూటమూడో మైలు దగ్గర ఇక కదలనంది. వాటిని డిపోకి లాక్కొచ్చింది డీజిల్ లారీ. మధ్యాహ్నం పన్నెండు దాటగానే రూట్ 9 బస్సుల్ని వెనక్కి పిలిచి, వాటి బదులు పాత డీజిల్ బస్సుల్ని పంపడం అలవాటైంది. దివాకర్ కంపెనీ తయారుచేసిన డ్యాష్‌బోర్డులో మాత్రం అన్నీ ఆకుపచ్చగా ఉండేవి. లారీ లాక్కొస్తున్నప్పుడు కూడా చక్రాలు తిరుగుతాయి కదా.

జనవరి మూడో వారంలో మిసెస్ కొవాల్‌స్కీ నోటీసు అంటించింది. కొత్త బస్సులకు గ్రాంటు ఇచ్చిన షరతు ప్రకారం మార్చి ఆఖరుకి డీజిల్ బస్సులు తుక్కుకి వెళ్లిపోవాలి. ఈలోగా ఫిబ్రవరి చివరివారం అయిదు రోజులు రూట్ 9 ఎలక్ట్రిక్ బస్సులతోనే, ఎక్కడా ఆగకుండా, పూర్తిగా నడవాలి. నడవకపోతే రూటు కొండకింద మాల్ దగ్గరే ఆగిపోతుంది. పైకి వెళ్లదు.

ఆ సాయంత్రం శేషగిరి సంగతి చెబితే రేణు పప్పు తాలింపు వేస్తూ వింది.

"పైకి ముగ్గురో నలుగురో ఎక్కుతారంటగా, అందుకా?"

"పొద్దున పద్నాలుగు మంది ఎక్కుతారు."

"నువ్వెప్పుడు చూశావు?"

"చూళ్లేదు. నువ్వే చెప్పావు."

"చెబితే వింటావన్నమాట," అంది రేణు. తాలింపు పప్పులో పోసి మూత పెట్టింది. "ఏమయ్యా, నలభై ఏళ్లు బస్సుల కింద పడుకున్నావు. ఒక్కసారి పైకెక్కి చూడు. రేపు నీకు సెలవేగా?"

మర్నాడు శేషగిరి రూట్ 9 ఎక్కాడు. చేతిలో చిన్న నోటు పుస్తకం, జేబులో ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటరు. ఒకే సీట్లో, వెనక తలుపు పక్కన, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఒక ట్రిప్పుకి తలుపులు యాభై ఎనిమిదిసార్లు తెరుచుకున్నాయి. ముందు తలుపులో ఒక్క మనిషి ఎక్కినా వెనక తలుపు కూడా తెరుచుకుంటోంది. మాల్ దగ్గర పన్నెండు నిమిషాల విరామం. డ్రైవరు రెండు తలుపులూ బార్లా తీసిపెట్టి కాళ్లు చాపుకోవడానికి దిగింది. లోపల డెబ్బై రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాల్సిన వేడి నలభై ఒకటికి పడింది. హీటరు ఆ పన్నెండు నిమిషాలూ ఊరంతటినీ వెచ్చబెడుతోంది.

కారుకి ఉండే తలుపులు ట్రిప్పుకి యాభై ఎనిమిదిసార్లు తెరుచుకోవు. దివాకర్ లెక్కలో తలుపులే లేవు.

ఇది చెప్పడానికి మీటింగు పెట్టించుకోవచ్చు. శేషగిరికి ఆ విద్య రాదు. అతనికి వచ్చింది ఇంకొకటి. నరసరావుపేట డిపోలో గేటు పక్కన నల్లబల్ల ఉండేది. ఏ డ్రైవరు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో రోజూ సుద్దతో రాసేవాళ్లు. పైనున్నవాడు మీసం దువ్వుకుంటూ బండి తీసేవాడు, కిందనున్నవాడు ఆ రోజు టీకి కూడా రాకుండా డిపోలోంచి జారుకునేవాడు. జీతం కోయనక్కర్లేదు, మెమో ఇవ్వనక్కర్లేదు. బల్ల చాలు.

శేషగిరి స్టోరు గదిలో పడి ఉన్న వైట్‌బోర్డు తీసి, తుడిచి, డ్రైవర్లు టైము వేసుకునే చోట మేకులు కొట్టి తగిలించాడు. పైన లావుగా రాశాడు: బ్యాటరీలో వాడుకోదగ్గది 350 యూనిట్లు. నడవాల్సింది 140 మైళ్లు. మైలుకు 2.5 మించితే బండి ఇంటికి రాదు. కింద డ్రైవర్ల పేర్లు.

బస్సుల కంపెనీ తరఫున డిపోలో ఉండే ఇంజనీరు ఇషిత ఆ మేకుల చప్పుడుకి వచ్చింది. ఆ అమ్మాయి అమెరికాలోనే, హెర్న్‌డన్‌లో పుట్టి పెరిగింది. తెలుగు ఇంట్లో అమ్మానాన్నల దగ్గర విన్నంత వచ్చు.

"అంకుల్, ఇది యాప్‌లో ఉంది కదా. ఎందుకు బోర్డ్?"

"యాప్ ఎవరు చూస్తారమ్మా?"

ఇషిత కాసేపు ఆలోచించింది. "నేను చూస్తా. దివాకర్ చూస్తారు." ఇంకాసేపు ఆలోచించింది. "ఓకే. బోర్డ్ పెట్టండి."

ప్రతి బస్సు డ్యూటీ దిగగానే శేషగిరి, మెకానిక్‌లు బస్సుకి తగిలించి చూసే సర్వీసు తెర తెరిచి, ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో, ఎంత దూరం తిరిగిందో రాసుకుని భాగించేవాడు. మొదటిరోజు బోర్డుమీద అంకెలు చూసి డిపో అంతా గుమిగూడింది. అందరూ 2.5కి లోపే ఉన్నారు. రూట్ 9 మీద ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న లూర్డెస్‌కి 2.1 వచ్చింది. మిసెస్ కొవాల్‌స్కీ బోర్డును ఫోటో తీసి సిటీ కౌన్సిలుకి పంపింది. మధ్యాహ్నం డీజిల్ బస్సులు మార్చే పని ఇక అవసరం లేదని ఆపేసింది. దివాకర్ కూడా ఆ ఫోటో ఎవరికో పంపాడు, దానికింద "యాజ్ ప్రెడిక్టెడ్" అని రాసి.

రెండోరోజు మధ్యాహ్నం రెండున్నర దాటాక, లూర్డెస్ నడుపుతున్న 2207 నంబరు బస్సు క్వారీ హిల్ మలుపులో ఆగిపోయింది. లోపల పదకొండు మంది ఉన్నారు. అందులో పని దిగి ఇంటికి వస్తున్న రేణు ఒకతె. లారీ రావడానికి యాభై నిమిషాలు పట్టింది. హీటరు లేదు. బయట మంచు పడుతోంది.

డిపోలో శేషగిరి నోటు పుస్తకం ముందు వేసుకుని మళ్లీ మళ్లీ భాగించాడు. అదే 2.1 వస్తోంది. ఇషిత పక్కకొచ్చి నిలబడింది. సర్వీసు తెర చూసింది, పుస్తకం చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"అంకుల్, ఇది మైల్స్ అనుకున్నారా?"

శేషగిరి తెరవైపు చూశాడు. బస్సు మోటారు యూరప్‌లో తయారైంది. సర్వీసు తెరలో దూరం కిలోమీటర్లలోనే చూపిస్తుంది. అంకె పక్కన చిన్న అక్షరాల్లో రాసి కూడా ఉంది. డిపోలో ఇంకెవరు చూసినా అది వింతగా అనిపించి ఆగేవాళ్లు. ఇరవై ఏడేళ్లు కిలోమీటర్లే రాసిన చేతికి అందులో వింతేమీ కనిపించలేదు. కన్ను ఆ అక్షరాలను చూసి, ఇల్లు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టి, దాటిపోయింది.

మైలుకు లెక్కగడితే లూర్డెస్ అంకె 3.4.

దివాకర్ ఆ సాయంత్రమే వచ్చాడు. "అంకుల్, అందుకనే మాన్యువల్ డేటా వద్దంటం మేము," అన్నాడు, బాధగానే. "హ్యూమన్ ఎర్రర్ వస్తది. ఇప్పుడు సూడండి, కౌన్సిల్‌కి ఏం చెప్తం?"

"నేను చేసిన తప్పని చెప్పండి."

"అట్ల చెప్పొద్దు అంకుల్. డేటా ఇష్యూ అని పెడ్తం."

"దివాకర్ గారూ, మీ లెక్కలో తలుపులు ఉన్నాయా?"

"ఏం తలుపులు?"

"బస్సు తలుపులు."

"అది ఎడ్జ్ కేస్ అంకుల్, ఎప్పుడో ఒకసారి వచ్చేది," అన్నాడు దివాకర్.

ఇంటికి వెళ్లేసరికి రేణు దుప్పటి కప్పుకుని, రెండు చేతులతో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. ముక్కు ఎర్రబడింది.

"ఎవడో బోర్డుమీద తప్పు లెక్క రాశాడంట," అంది. "లూర్డెస్ చెప్పింది. వాడు కనబడితే స్పానిష్‌లో తిడతానంది."

"నేనే రాశాను."

"తెలుసు. ఆ డిపోలో చేత్తో రాసేది నువ్వొక్కడివే." కాఫీ ఒక గుక్క తాగింది. "నా పక్కన ఎనభై ఏళ్లావిడ కూర్చుంది. చెల్లెల్ని చూసుకోడానికి వారానికోసారి పైకొస్తుంది. చేతులు గడ్డకట్టుకుపోతుంటే నా శాలువా ఇచ్చాను. రేపెళ్లి సరిగ్గా రాసిరా. నాకా బస్సు కావాలి. ఆవిడక్కూడా కావాలి."

ఆర్టీసీ లాగ్‌షీటులో తప్పు రాస్తే చెరిపెయ్యకూడదు. కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. మర్నాడు శేషగిరి బోర్డుమీద ఒక్క అంకె కూడా తుడవలేదు. అన్నిటినీ ఎర్ర మార్కరుతో అడ్డంగా కొట్టేసి, పక్కన అసలు అంకెలు వేశాడు. కింద ఇంగ్లీషులో రాశాడు: కొట్టేసినవి కిలోమీటర్లకు. మైళ్లకు కాదు. తప్పు నాది. శేషగిరి.

లూర్డెస్ వచ్చి బోర్డు ముందు నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది. శేషగిరి తిట్లు తినడానికి సిద్ధమయ్యాడు. వాళ్లిద్దరి ఇంగ్లీషూ వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చింది, అయినా ఒకరిది ఒకరికి బాగా అర్థమవుతుంది.

"ఇరవై రెండేళ్లుగా ఈ డిపోలో ఉన్నాను," అంది. "తప్పు నాది అని ఎవరైనా గోడమీద రాయడం ఇదే చూడటం."

"సారీ, లూర్డెస్."

"సారీ సరే. నా పేరు అన్నిటికంటే కింద ఎందుకు?"

"అందరికంటే ఎక్కువ తాగింది నీ బండే."

"నేనా! నేను రూట్ 9 కళ్లు మూసుకుని నడుపుతాను!"

"అదే. కళ్లు తెరువు. మాల్ దగ్గర తలుపులు మూసి దిగు."

లూర్డెస్ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. మధ్యాహ్నం డ్యూటీ దిగి టోపీ కూడా తియ్యకుండా నేరుగా బోర్డు దగ్గరికి వచ్చింది. 3.1.

అప్పటినుంచి ఆ బోర్డు చెప్పింది డిపోలో అందరూ నమ్మారు. ముందు సరిగ్గా రాసి ఉంటే అంత నమ్మేవాళ్లు కాదేమో. ఆ నమ్మకం సాధించడానికి వారం పట్టేది, ఇరవై నాలుగు గంటల్లో అయిపోయింది. ఇలాంటి పద్ధతి ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

మిగిలిన నాలుగు వారాలూ పనే. తెల్లవారుజామున బస్సులు ఇంకా చార్జరుకి తగిలించి ఉండగానే హీటర్లు వేయించాడు. బయలుదేరేలోపు లోపలంతా వెచ్చబడేది, ఆ కరెంటు బ్యాటరీలోది కాదు, గోడలోది. వెనక తలుపు, లోపలివాళ్లు బటన్ నొక్కితేనే తెరుచుకునేలా ఇషిత చేత మార్పించాడు. ఆమె దానికి తన పైవాళ్లకు పదిహేడు ఈమెయిళ్లు రాసింది. వేడి డెబ్బై రెండు నుంచి అరవై రెండుకి తగ్గించారు. టైర్ల సంగతి మిగిలింది. తెరమీద గాలి సరిగ్గా ఉందనే చూపిస్తోంది. శేషగిరి ఇనుపరాడ్ తీసుకుని ఒక్కో టైరుమీద కొడుతూ చెవిపెట్టి విన్నాడు.

"అంకుల్, టైర్‌కి సెన్సర్ ఉంది," అంది ఇషిత. "పాపం, ఎందుకు కొడుతున్నారు?"

"ఇది మెత్తగా పలుకుతోంది. గేజి పెట్టు."

గేజి పెట్టింది. ఎనిమిది పౌండ్లు తక్కువ. సెన్సరును ఫ్యాక్టరీలో ఎవరో తప్పు చక్రానికి ముడిపెట్టారు. పన్నెండు బస్సుల్లో అయిదింటికి అదే కథ. ఇషిత ఆ రాడ్ అడిగి తీసుకుని మిగతా టైర్లన్నీ తనే కొట్టింది. మొదట్లో ఆమెకు అన్నీ ఒకేలా వినిపించాయి. నాలుగోరోజు ఒకచోట ఆగి, "అంకుల్, ఇది డిఫరెంట్," అంది. గేజి పెడితే ఆరు పౌండ్లు తక్కువ.

డ్రైవింగు సంగతి లూర్డెస్ చూసుకుంది. స్టాపు దగ్గరికొచ్చాక బ్రేకు తొక్కితే కరెంటు వేడిగా పోతుంది. దూరం నుంచే పెడలు మీది కాలు తీసేస్తే బస్సు దానంతటదే ఆగుతూ కొంత కరెంటు వెనక్కి ఇస్తుంది. శేషగిరి ఒక్కసారి చెప్పాడు. ఆమె దాన్ని తనే కనిపెట్టినట్టు మిగతా డ్రైవర్లకు నేర్పింది. వాళ్లు బోర్డుమీద ఒకరినొకరు దాటడానికి ఆరాటపడుతూ, స్టాపు ఇంకా ఆమడ దూరం ఉండగానే కాలు తీసేసేవాళ్లు. టైముకి రాలేదని ప్రయాణికులు తిట్టేవాళ్లు. 2.9. 2.7. 2.6.

చివరివారం వచ్చింది. సోమవారం నుంచి గురువారం దాకా రూట్ 9 మీద తిరిగే మూడు బస్సులూ ఇంటికొచ్చాయి. ఒక్కటి మాత్రం మూడు శాతం చార్జితో, కుంటుతూ వచ్చింది. శుక్రవారం పొద్దున పదకొండు డిగ్రీల ఫారెన్‌హీట్, నీళ్లు గడ్డకట్టే చలికంటే చాలా కింద, పైగా ఎదురుగాలి. మిసెస్ కొవాల్‌స్కీ డీజిల్ లారీని గేటు దగ్గరే సిద్ధంగా పెట్టించింది. దివాకర్ కౌన్సిలు మనుషులిద్దర్ని వెంటబెట్టుకొచ్చి డ్యాష్‌బోర్డు చూపిస్తున్నాడు. అన్నీ ఆకుపచ్చ.

మధ్యాహ్నం రెండూ నలభైకి రేణు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అతను పనిలో ఉండగా ఆమె ఎప్పుడూ చెయ్యదు.

"ఏమయ్యా, ఎక్కాను. లూర్డెస్ అడగమంది. పదకొండు శాతం ఉందంట. కిందికి దిగొచ్చా, పక్కన ఆపెయ్యాలా?"

2207. మిగిలినవి పన్నెండు మైళ్లు. శేషగిరి మనసులో గుణించాడు. ఈసారి మైళ్లలోనే.

"కొండ దిగేటప్పుడు పెడల్ ముట్టుకోవద్దను. దానంతటదే రెండు శాతం ఇస్తుంది. మాల్ దాటాక హీటరు పూర్తిగా ఆపెయ్యమను."

"పూర్తిగానా?"

"ఊ."

అవతల రేణు లూర్డెస్‌కి తన ఇంగ్లీషులో చెప్పడం వినిపించింది. తర్వాత బస్సులోవాళ్లతో ఏదో అంది, ఎవరో గట్టిగా నవ్వారు.

"ఏమన్నావు?"

"అందరూ కోట్లు వేసుకోండి, మా ఆయన హీటరు కట్టేశాడు అన్నాను."

మూడున్నరకి 2207 డిపో గేటులోకి వచ్చింది. అయిదు శాతం. రేణు ఇంటి దగ్గర దిగకుండా చివరిదాకా వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. బస్సు దిగి, బోర్డు దగ్గరికెళ్లి చూసింది. లూర్డెస్ మార్కరు తనే తీసుకుని తన పేరు పక్కన 2.4 రాసుకుంది. ఆ రోజు అక్కడే ఉన్న మిసెస్ కొవాల్‌స్కీ లారీ డ్రైవర్ని ఇంటికి పంపేసింది.

రూట్ 9 కొండెక్కుతుందని మార్చిలో కౌన్సిలు తీర్మానించింది.

ఏప్రిల్లో డిపోలో చిన్న సభ జరిగింది. ఎండ కాసే రోజే చూశారు. దివాకర్ కంపెనీకి ఏదో రాష్ట్రస్థాయి అవార్డు వచ్చింది. "డ్రైవర్లను డేటాతో కలిపే వినూత్న విధానం" అనో ఏదో దాని పేరు. స్లైడుమీద శేషగిరి బోర్డు ఫోటో పెద్దగా పడింది. మొదటిరోజు తీసిన ఫోటో అది, తప్పు అంకెలున్నది. అన్నీ రెండున్నరలోపు ఉండటంతో చూడ్డానికి బాగుంది. దివాకర్ సభ అయ్యాక వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అంకుల్, మీ ఇన్‌పుట్స్ సూపర్. నెక్స్ట్ వెర్షన్‌ల తలుపులు కూడా పెట్టినం."

"మంచిది బాబూ. ఓసారి బస్సెక్కి చూడండి."

"తప్పకుండా అంకుల్," అన్నాడు దివాకర్, వ్రతానికి పిలిస్తే అన్నట్టు.

బోర్డు తీసేశారు. దాని చోట ఆరడుగుల తెర పెట్టారు. అందులో అన్నీ ఆకుపచ్చగా ఉంటాయి. వారం తిరక్కుండానే లూర్డెస్ శేషగిరి పనిచేసే చోటికొచ్చి, "నా అంకె ఎంత?" అని అడిగింది. తర్వాత మరొకరు వచ్చారు. పాత బోర్డు ఇప్పుడు బస్సుల్ని రిపేరుకు నిలిపే మూడో నంబరు బేలో, టైర్లు పేర్చే గోడకి ఆనించి ఉంది. ఇషిత రోజూ సాయంత్రం అంకెలు వేస్తుంది. తప్పు రాస్తే చెరపదు. కొట్టేసి పక్కన ఇంగ్లీషులో తన పేరు మొదటి అక్షరం ఐ అని సంతకం పెడుతుంది.

నవంబరులో చలి మళ్లీ వచ్చింది. ఆ నెల ప్రయాణికుల ఫిర్యాదులు చూసి సమాధానాలు రాసే పని మెకానిక్‌లకు కూడా పంచారు. శేషగిరి వంతుకొచ్చిన కాగితాల్లో ఒకదానిమీద చేతిరాత తెలిసినట్టు అనిపించింది. ఇంగ్లీషు అక్షరాలు తెలుగు అక్షరాల్లా గుండ్రంగా ఉన్నాయి.

బస్ 2207. వెనక తలుపు పక్క సీటు. చాలా చలి. హీటరు ఎవరో తగ్గించారు. కింద పేరు, ఆర్. ఫోను నంబరు తమ ఇంటిదే.

సమాధానం గడిలో "పరిశీలించాం" అని రాశాడు. హీటరు పెంచితే 2.5 దాటుతుంది. కలం పక్కన పెట్టి, టార్చిలైటు తీసుకుని, 2207 వెనక తలుపు దగ్గర మోకాళ్లమీద కూర్చున్నాడు. తలుపు కింది రబ్బరు ఓ మూల చిట్లి, వేలు పట్టేంత సందు ఉంది. స్టోరులో ఆ సైజు రబ్బరు లేదు, ఆర్డరు పెడితే ఆరు వారాలు. తుక్కుకి వెళ్లిపోయిన డీజిల్ బస్సు రబ్బరు ముక్కొకటి తన పెట్టెలో దాచుకున్నది ఉంది. దాన్ని కొలిచి, ఏటవాలుగా కోసి, జిగురు పెట్టి, బిగించాడు. తలుపు పదిసార్లు తెరిచి మూశాడు. సందులో కాగితం పెట్టి లాగి చూశాడు. రాలేదు.

గడిలో మిగతాది రాశాడు: రబ్బరు మార్చాం.

రెండురోజుల తర్వాత బోర్డుమీద 2207 పక్కన 2.3 పడింది. ఆ రాత్రి భోజనాల దగ్గర రేణు పెరుగు కలుపుకుంటూ అంది.

"ఇవాళ బస్సులో కాస్త నయంగా ఉంది. హీటరు పెంచినట్టున్నారు."

"లేదు."

"మరి?"

"చలి తగ్గిందేమో," అన్నాడు శేషగిరి, ఆవకాయ సీసా మూత బిగిస్తూ.

"బయట పద్దెనిమిది డిగ్రీలుందయ్యా," అంది రేణు. కాసేపు అతని చేతులవైపు చూసింది. గోళ్ల చుట్టూ నల్లటి జిగురు ఇంకా పోలేదు. "ముందు తలుపు దగ్గర ఇంకా కొడుతోంది గాలి. మళ్లీ కాగితం రాయనా?"

"అక్కర్లేదు. రేపు చూస్తా."